రాణిగారికి దిష్టి తీసిన రోజు

ఇరవై మూడేళ్ల వయసులో, ఎదుటివాళ్లకు మేలు చేయాలంటే వాళ్లను అడగాల్సిన పనేమీ లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. కరీంనగర్ నుంచి జర్మనీలోని కార్ల్స్‌రూహెకి ఎమ్మెస్ చదవడానికి వచ్చినప్పుడు, అమ్మ సర్దిన ఎండుమిర్చితో పాటు ఆ నమ్మకాన్నీ వెంట తెచ్చుకున్నాను (బరువెక్కువైందని ఎయిర్‌పోర్టులో ఆవకాయ తీయించారు గానీ, దాన్ని ఎవరూ తీయించలేదు). గది దొరకడం గగనమైన ఆ ఊళ్లో మూడు నెలలు తిరిగాక ఒక పెద్దావిడ తన ఇంట్లో గది ఇచ్చారు. ఆవిడ ఒకప్పుడు ఆపెరాల్లో, అంటే మాటకు బదులు పాటతో నడిచే నాటకాల్లో, సొప్రానో. ఆడగొంతుల్లో అన్నిటికంటే పైస్థాయిలో పాడేవాళ్లను అలా అంటారట. ఎక్కువగా రాణి వేషాలే కట్టారు. ఇంట్లో కూడా ఆ కిరీటం దించినట్టు కనిపించేవారు కాదు కాబట్టి, నేనూ అమ్మా ఫోన్లో ఆవిడను రాణిగారనే అనుకునేవాళ్లం.

రాణిగారు రొట్టెల దుకాణం వాళ్లమ్మాయి. చర్చిలో పాడుతూ పాడుతూ నాటకశాల బృందగానంలో చేరి, ఆరేళ్లు వెనక వరసలో నిలబడ్డారు. ఒకరోజు ప్రధాన గాయనికి జ్వరమొస్తే మధ్యాహ్నం కబురొచ్చింది, సాయంత్రానికి ఆ వేషం కట్టారు. అక్కడినుంచి ఇరవై ఏళ్లు వెనక్కి తిరిగి చూడలేదు. చివరికొకనాడు పైస్వరం దగ్గర గొంతు పగిలింది. హాలంతటిలో ఒక్కరంటే ఒక్కరు నవ్వారట. ఆ నవ్వుకే మేకప్ తుడుచుకుని ఇంటికొచ్చిన మనిషి పదకొండేళ్లు స్టేజీ ఎక్కలేదు. నేను చేరిన ఏడాది చలికాలంలో, ఆవిడకు ఏళ్లతరబడి పియానో వాయించిన ముసలాయన సెలవు తీసుకుంటూ, తన వీడ్కోలు సభలో ఒక్క పాట పాడమని అడిగారు. కాదనలేకపోయారు. ఆ నెలంతా తలుపు వేసుకుని సాధన చేసేవారు. పాట మెల్లగా పైకి పాకేది, సరిగ్గా ఆ స్వరం ముందు ఆగిపోయేది, పియానో మూత పడేది. పక్కగదిలో పుస్తకం ముందు పెట్టుకుని ఊపిరి బిగబట్టి వింటూ నేను ఒక సబ్జెక్టు ఫెయిలయ్యాను కూడా.

సభ ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి. పాడే రోజున పాట మొదలయ్యేదాకా నోరు విప్పకూడదని ఆవిడ నియమం. శనివారం రాత్రి మొదలు ఏం కావాలన్నా చీటీ మీద రాసేవారు. గాలి తగలకూడదని కిటికీలన్నీ బిగించారు. పొద్దున ‘టీ’ అని రాసిన చీటీలో అక్షరాలు వణికి ఉన్నాయి. అమ్మకు ఫోన్ చేశాను. మా అమ్మ దగ్గర ప్రపంచంలోని సమస్యలన్నిటికీ కలిపి ఒకటే మందు.

“గంతమంది ముందట పాడేటామె, కండ్లన్నీ ఆమె మీదనే ఉంటయి. ఉప్పు, ఎండుమిర్పకాయలు తీస్కొని దిష్టి తియ్యి బిడ్డా. దిష్టి ఉంటే ఘాటు అస్సలు రాదు, సూడు.”

కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేస్తున్న నేను మారుమాట్లాడకుండా పిడికిలి నిండా మిరపకాయలు తీసుకున్నాను. రాణిగారు భోజనం చేసి హాల్లో కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. చెప్పులు విప్పి, పిల్లిలా వెనక చేరి, మూడుసార్లు చుట్టూ తిప్పాను. కళ్లు తెరవలేదు. వంటింట్లోకెళ్లి కాలిన పెనం మీద అన్నీ ఒక్కసారి వేశాను.

ఘాటు వచ్చింది. అలా ఇలా రాలేదు. అమ్మ లెక్క ప్రకారం రాణిగారికి ఆవగింజంత దిష్టి కూడా లేదు. కిటికీలు మూసి ఉండటంతో పొగ నేరుగా హాల్లోకి నడిచింది. లోపల్నుంచి దగ్గు వినబడింది. ఆ దగ్గు మీద ఇంకో దగ్గు. ఈలోగా పొగ పసిగట్టే యంత్రం పైకప్పు నుంచి కూత మొదలుపెట్టింది. ఆవిడను బాల్కనీలోకి నడిపించి, భుజాల మీద దుప్పటి కప్పి, నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. పదకొండేళ్ల తర్వాత పాడబోతున్న గొంతును నా చేత్తో నేనే కాల్చానని తెలిసి ఏడుపొచ్చింది. ఆవిడ కళ్లనీళ్లు తుడుచుకుంటూ చీటీ రాశారు: ‘ఏం కాల్చావు?’ నాకు గొంతు ఉందన్న సంగతి మరిచి, నేనూ కాగితం మీదే జవాబు రాశాను: ‘మిర్చి. మీ మంచి కోసం.’ రెండుసార్లు చదివారు. లేచి వెళ్లి కోటు తొడుక్కున్నారు.

నాటకశాలకు వెళ్లే ట్రామ్‌లో ఒక్క చీటీ కూడా రాయలేదు. ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకుని పక్కన కూర్చున్నాను. గొంతు ఉందో పోయిందో ఆవిడకు తెలిసినా నాకు తెలిసే దారి లేదు. నాటకశాలలో తెర వెనక పాత స్నేహితులు ఒక్కొక్కరే వచ్చి, ఆవిడ ఎడమ భుజం మీదుగా మూడుసార్లు “తోయ్ తోయ్ తోయ్” అని ఉమ్మినట్టు అంటున్నారు. అరే, ఇదీ దిష్టి తీయడమే అని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ మాట్లాడరు కదా అని ఆవిడ తరఫున అందరికీ నేనే థాంక్స్ చెప్పాను. అందరి ముఖాలూ వాడిపోయాయి. ఆ మాటకు థాంక్స్ చెబితే కీడట. ఒక్క రోజులో రెండు దేశాల పద్ధతుల్లోనూ ఆవిడకు అపకారం చేసిన ఘనత నాకే దక్కింది.

ముసలాయన పియానో మొదలుపెట్టారు. రాణిగారు నోరు తెరిచారు. మొదటి మాట బొంగురుగా వచ్చింది. వెంటనే ఆగిపోయారు. పియానో ఆగింది. నేను తెర అంచును పిడికిట్లో నలిపేస్తున్నాను. ఆవిడ హాలంతా వినబడేలా ఒక దగ్గు దగ్గి, ముసలాయన వైపు తిరిగి తల ఊపారు. మళ్లీ మొదలైంది. పాట మెల్లగా పైకి పాకింది. ఇంట్లో రోజూ మూత పడే చోటు దగ్గరకొచ్చింది. మూత పడలేదు. ఆ స్వరం కాస్త గరుగ్గానే వచ్చింది, కానీ వచ్చింది, నిలబడింది. ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

తిరుగు ట్రామ్‌లో క్షమించమని అడిగాను. ఆవిడ బ్యాగులోంచి మడిచిన ఉత్తరం తీసి ఇచ్చారు. గొంతు బాగాలేదు, రాలేకపోతున్నాను, మన్నించండి అని ముసలాయనకు రాసింది. తేదీ ముందురోజుది.

“అబద్ధం రాసి పెట్టుకున్నాను అమ్మాయీ. నీ చేత పంపిద్దామనుకున్నాను. నువ్వు దాన్ని నిజం చేశావు. బాల్కనీలో దగ్గుతుంటే, ఇక నిజంగానే పాడలేనేమోనని భయమేసింది. పాడాలని నాకంత ఉందని అప్పుడే తెలిసింది,” అన్నారు. గొంతు బాగా బొంగురుపోయింది. తర్వాత, ఇంకోసారి ఇలా చేస్తే గది ఖాళీ చేయిస్తానని కూడా అన్నారు.

ఇప్పుడు ఈ ఊళ్లోనే ఉద్యోగం, ఇల్లు, సంసారం. ఎవరికైనా సాయం చేయాలంటే ముందు మెసేజ్ పెడతాను, వాళ్లు సరేనంటేనే కదులుతాను. పొగ లేదు, దగ్గు లేదు, ఎవరి చేతా మాట పడే పని లేదు. బుద్ధిమంతురాలినని అందరూ అంటారు. కానీ ఆ పిడికెడు మిరపకాయల పిల్ల ఆ ఆదివారం చేసినంత మేలు, ఇన్నేళ్లలో నేను ఎవరికీ చేయలేదు.