గాలి ఎటు వీస్తోంది?

కెనడాలోని స్కార్‌బరోలో మా పక్క ఫ్లాట్ ఆంటీ గడప దాటే ముందు "గాలి ఎటు వీస్తోందమ్మా?" అని అడిగేవారు. చలికి భయపడి కాబోలు అనుకునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున్న అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. దగ్గర్లోని అణువిద్యుత్ కేంద్రంలో ఏదో ప్రమాదమని హెచ్చరిక. నేను కారు తాళాలు వెతుక్కుంటుండగా ఆంటీ వచ్చి, కిటికీలన్నీ మూసి, తలుపు కింది సందులో తడి తువ్వాలు కుక్కారు.

"వెళ్లిపోదాం ఆంటీ, నేను డ్రైవ్ చేస్తా."

"వద్దమ్మా. మేం జపాన్‌లో ఉండగా భూకంపం వచ్చి అణు ప్లాంట్ పేలినప్పుడు ఇలాగే కారెక్కి పారిపోయాం. మేం వెళ్లిన వైపుకే గాలి వీచిందని తర్వాత చెప్పారు. దారిలో మంచు పడుతుంటే మా బాబు నాలుక చాపి తిన్నాడు. అందులో రేడియేషన్ ఉందని తెలీక నేను నవ్వుతూ చూశా."

తాళాలు వెతకడం మానేశాను. ఇద్దరం నేల మీదే కూర్చుండిపోయాం. కాసేపటికి ఆ హెచ్చరిక పొరపాటున వచ్చిందని మరో మెసేజ్ వచ్చింది. కారిడార్‌లో నవ్వులు వినిపించాయి. నేను కిటికీ తెరవబోతే ఆంటీ చెయ్యి పట్టుకుని ఆపారు.

"అప్పుడు కూడా ఏం ప్రమాదం లేదనే చెప్పారమ్మా."

తర్వాత వాటర్లూ యూనివర్సిటీలో చదువుకుంటున్న కొడుక్కి ఫోన్ చేశారు. హెచ్చరిక సంగతే ఎత్తలేదు. "నాన్నా, ఒకసారి మెడ తడిమి చూసుకో. థైరాయిడ్ గడ్డలేమీ తగలట్లేదు కదా?" అని అడిగి, అతను జవాబు చెప్పేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారు.