పాతరలో పలికిన ఉరుము

1952వ సంవత్సరం. కర్నూలులో బురుజు దగ్గరి సందులో నాకు మైక్‌సెట్టు బాడుగకిచ్చే కొట్టు ఉండేది. సెట్టంటే పెద్ద ఆర్భాటమేమీ కాదు. నోటి దగ్గర పెట్టే మైకు, ఆ మాటను పెద్దది చేసే యాంప్లిఫయర్ అనే పెట్టె, చెట్టుకో మిద్దెకో కట్టే హారన్, పల్లెల్లో కరెంటు లేదు కాబట్టి ఒక కారు బ్యాటరీ. పెండ్లిండ్లు, జాతర్లు జరిగితే నాకు తిండి. ఆ యేడు రెండూ లేవు. వరసగా వానలు తప్పి, ఊరూరా గంజి కేంద్రాలు పెట్టిన కాలమది. నేను కొట్టు తెరిచి, సామాన్ల మీద దుమ్ము దులిపి, మళ్ళీ మూసుకుని ఇంటికి పోయేవాణ్ణి. "ఈ పొద్దు గూడా తుడిచొచ్చినావా?" అని మా ఇంట్లో ఎగతాళి చేసేవాళ్ళు.

అలాంటి ఆషాఢంలో హుసేనప్ప వచ్చాడు. కోడుమూరు అవతల ఒక పల్లెలో నాటకాలు నేర్పే మాస్టరు. హార్మోనియం కూడా ఆయనే వాయిస్తాడు. మనిషి బక్కపల్చన, గొంతు మాత్రం ఖంగుమంటుంది. వాన కోసం నాటకం ఆడిస్తామని ఊరంతా మొక్కుకున్నారట. మా వైపు అదొక ఆచారం. వాన రాకపోతే భజనలు చేస్తారు, కప్పలకు పెండ్లి చేస్తారు, అదీ కాకపోతే నాటకం కడతారు.

"సెట్టు ఎవరన్నా ఇస్తారప్పా. నాకు దేవుని గొంతు కావల్ల," అన్నాడు హుసేనప్ప. "కడాకు దేవుడు మోడాల్లో నుంచి, ఆకాశంలో నుంచి మాట్లాడతాడు. తెర ఎనకాల నిలబడి నేను అరిస్తే, హుసేనప్ప అరుస్తాండాడు అంటారు గానీ దేవుడు అనరు. యట్లన్నా చెయ్యి."

అంతకుముందు కొన్నాళ్ళు నేను మద్రాసులో రికార్డింగు పనివాళ్ళ దగ్గర సామాన్లు మోశాను. అక్కడ ఒక ఖాళీ గదిలో స్పీకరు పెట్టి, పాడేవాళ్ళ గొంతును అందులోకి వదిలేవాళ్ళు. గోడలకు తగిలి తిరిగే ఆ గొంతును గదిలోనే ఇంకో మైకు పట్టుకునేది. మామూలు గొంతు గుళ్ళో పలికినట్టు వచ్చేది. దాన్నే మా పనిలో ఎకో అంటాం. ఆ సంగతి చెప్పి, సామాన్లేమీ లేని గట్టి గోడల గది ఏదైనా ఉందా అని అడిగాను.

"ఖాళీ గదులు యాడుండాయప్పా. ఖాళీవి కావాలంటే పాతర్లు ఉండాయి. ఊరి పాతర్లన్నీ ఖాళీనే," అని నవ్వాడు హుసేనప్ప. నాకు నవ్వు రాలేదు.

పాతర అంటే నేలలో కాగు ఆకారంలో తవ్విన గొయ్యి. లోపల చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతికి బండ పెట్టి మట్టి మెత్తుతారు. ఆ ఊళ్ళో పాతర్లన్నీ ఒక మిట్ట మీద ఉన్నాయి. అన్నిటిలోకి పెద్దది, లోతైనది పెద్దీరన్న అనే ముసలి రైతుది. కొడుకు తుంగభద్ర కాలువ పనులకు పోయాడు. ఇంట్లో మంచాన పడిన పెద్దీరన్న, కోడలు లింగమ్మ, ఇద్దరు పిల్లలు. నేను, హుసేనప్ప పోయి అడిగితే లింగమ్మ మమ్మల్ని వాకిట్లో నుంచి దూరంగా తీసుకుపోయి మాట్లాడింది.

"పాతర ఇస్తాన్నా. ఒగటే మాట. మా మామకు తెలీకూడదు. దాంట్లో విత్తనం జొన్నలు ఇంగా ఉండాయనుకుంటాండాడు ఆయప్ప."

కరువు మొదలైనప్పుడే పెద్దీరన్న ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాడట, ప్రాణం మీదికి వచ్చినా విత్తనం ముట్టొద్దని. ఆయన మంచం పట్టాక, ఎండాకాలంలో లింగమ్మ ఎవరికీ చెప్పకుండా బండ జరిపింది. జొన్నలు తీసి పిల్లలకు వండింది. లోపలి గడ్డి కూడా పీకి ఎద్దులకు వేసింది. ఆ తిండి గంజి కేంద్రం నుంచి తెస్తున్నట్టు మామతో చెప్పేది. ఆ సంగతి తెలిస్తే ఆయన తిట్టుకుంటూ పోతాడేమోనని ఆమె భయం.

గడ్డి కూడా లేకపోవడం వల్ల ఆ పాతర గోడలు బండల్లా ఉన్నాయి. తెర వెనకాల మైకుకు మొదటి యాంప్లిఫయర్ ద్వారా కలిపిన చిన్న స్పీకరు లోపలికి దించాను. మూతి దగ్గర రెండో మైకు కట్టి, దాన్ని రెండో యాంప్లిఫయర్‌కు, అక్కడి నుంచి మిట్ట పక్కనే నాటకం ఆడే చోట కట్టిన పెద్ద హారన్‌కు కలిపాను. హుసేనప్ప తెర వెనక నుంచి ఒక పద్యం ఎత్తాడు. ఆయన గొంతు పాతరలోకి దిగి, ఇంకెవరిదో అయి పైకి వచ్చింది. ఆయనే ఉలిక్కిపడి మైకు వంక చూశాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "దేవుడు వచ్చే ముందర ఉరుము రావల్ల గదప్పా," అని పట్టుబట్టాడు. మామూలుగా రేకు ఊపి ఉరుము చేస్తారు. ఈ గొంతు ముందర రేకు చప్పుడు నవ్వులాట అయిపోతుంది. డోలు వాయించే మారెన్నను ముందుకు పిలిచాం. నేను ముందు ఒప్పుకోలేదు. అదంతా మనిషి గొంతు కోసం అమర్చిన సరంజామా. డోలు దెబ్బకు మైకులో ఉండే పలచటి రేకు చిరిగిందంటే మద్రాసు పోతే తప్ప ఇంకొకటి దొరకదు. భయపడుతూనే దూరంగా పెట్టి చూస్తే, డోలు డబ్బా కొట్టినట్టు వినిపించింది.

"గొంతు మైకు గదప్పా, నా డోలును గూడా మనిషి అనుకుంటాండాది," అని మారెన్న నవ్వాడు.

మైకుకు పంచె చుట్టాను. సన్నని చప్పుళ్ళను తగ్గించే టోన్ నాబ్ పూర్తిగా తిప్పేశాను. పుల్లలు పక్కన పెట్టి, అరచేత్తో డోలును పామి, మధ్యలో ఒక్కటే దెబ్బ వెయ్యమన్నాను. హుసేనప్పను హార్మోనియంలో అన్నిటికంటే కింది మెట్లు రెండు, పక్కపక్కవి, ఒకేసారి నొక్కిపెట్టమన్నాను. విడిగా వింటే ఆ రెండు మెట్లూ కొట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. పాతరలోకి పోయి వచ్చేసరికి అది దూరాన లేచిన గాలి హోరు అయింది. దాని వెనక మారెన్న డోలు దొర్లుకుంటూ వచ్చింది. మిట్ట కింద గొర్రెలు కాసుకునే ఒకాయన ఆగి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూశాడు. నాకు గర్వంగా అనిపించింది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. పని కుదిరితే ఎవరికైనా గర్వమే.

నాటకం బాగా జరిగింది. వాన రాలేదు.

మరుసటి పొద్దున నేను వైర్లు చుడుతుంటే లింగమ్మ వచ్చింది.

"అన్నా, రాత్రి ఉరుము మా ఇంటిదాకా వినబడింది. మా మామ కండ్లు తెరిచి, ఉరిమినట్టుంది గదమే అన్నాడు. అవును మామా అంటి. ఆయప్ప మొగంలో కళ చూసి నెలలైపాయ."

"మంచిదే కదమ్మా."

"గంజి గూడా మింగుడు పడక వారమాయ. ప్రాణం పోదు, నిలవదు. రాత్రంతా పండ్లు కొరుక్కుంటా ఏదో చెప్పల్లని చూస్తాడు, రాదు. వాన కోసరమే ప్రాణం పట్టుకోనుండాడని అందరూ అంటాండారు. ఇంగొగసారి ఆ ఉరుము వినిపిచ్చన్నా. వానొచ్చిందనుకోని సల్లగా పోతాడు."

హుసేనప్ప అది పుణ్యమే అన్నాడు. మారెన్న మాత్రం, "నాకు తొలి డోలు చేయిచ్చింది పెద్దీరన్నే. ఆయప్పకు అబద్ధం వాయించాల్నా?" అన్నాడు. లింగమ్మ ఆయన ముందర చేతులు జోడించింది. మారెన్న డోలు భుజానికి తగిలించుకున్నాడు.

ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఆ పొద్దు ఆషాఢం గాలి ఇంటి వైపు నుంచి మిట్ట వైపు ఈడ్చి కొడుతోంది. నాటకం చోట కట్టిన హారన్ మోత ఆ ఇంటిదాకా చేరదు. దగ్గరికి తెచ్చి కట్టాలి. ఇలాంటి చప్పుడు దూరం నుంచి వింటేనే నమ్మేలా ఉంటుంది, దగ్గరికి తెస్తే గుట్టు బయటపడుతుంది అని లింగమ్మకు చెప్పాను. "ఆయప్పకు అంత తెలివి యాడుండాదన్నా ఇప్పుడు," అంది. పక్కింటి మిద్దె మీద హారన్ కట్టాను.

మధ్యాహ్నం దాటాక మొదలుపెట్టాం. మారెన్న, హుసేనప్ప మిట్ట మీద ఉన్నారు. మోత సరిపోయిందో లేదో వినేవాళ్ళు ఉన్న చోటికి పోయి చూసుకోవడం మా పనిలో అలవాటు. అందుకని నేను పెద్దీరన్న ఇంటి గడప దగ్గర నిలబడ్డాను. లోపల మంచంలో దుప్పటి కింద మనిషి ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. పిల్లలిద్దరూ గోడకు ఆనుకుని కూర్చున్నారు.

ముందు గాలి హోరు లేచింది. తర్వాత ఉరుము. ఇంటి దూలాలు అదిరాయి. పెద్దీరన్న కండ్లు తెరిచాడు.

"వానొస్తాంది మామా," అంది లింగమ్మ, ఆయన తల దగ్గర వంగి. "మోడం బాగా కట్టింది."

ఆయన విన్నాడు. మళ్ళీ ఉరిమింది. ముక్కుపుటాలు కదిలాయి. "వాసన రాలేదే," అన్నాడు.

ఆమె మూలనున్న కడవ దగ్గరికి పోయింది. చెంబు ముంచుకుని వచ్చి వాకిట్లో ఎండిన మట్టి మీద పోసింది. ఆ ఊళ్ళో బావి నీళ్ళకు ఎంత దూరం పోవాలో నాకు తెలుసు. మట్టి వాసన గుప్పున లేచి నా ముక్కుకే తగిలింది. ఆమె ఇంకో చెంబు ముంచింది.

"లింగమ్మా, తాగే నీళ్ళు పారబొయ్యాకు," అన్నాడు పెద్దీరన్న.

ఆమె చెంబులో నీళ్ళు మళ్ళీ కడవలో పోసింది.

"మారెన్నను ఆపమను. అది ఉరుము గాదు. మన పాతర పలుకుతాండాది." ఆయన గొంతు సన్నగా ఉంది గానీ తడబాటు లేదు. "చిన్నప్పటి నుంచి దాంట్లోకి దిగి గంపలు పైకి అందిచ్చినోణ్ణి. జొన్నలుంటే పాతర పలకదు. ఎప్పుడు తీసినావు?"

లింగమ్మ కింద కూలబడింది. "ఎండలప్పుడు మామా."

"పిల్లోళ్ళు తిన్యారా?"

"తిన్యారు మామా."

"కడుపు నిండా?"

అక్కడ ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. "సగం కడుపుకే. శానా దినాలు రావల్లని కొంచెం కొంచెం వండితి."

నేనిక అక్కడ ఉండకూడదు. మిట్ట మీదికి పోయి డోలు ఆపించాలి. కానీ గడప దగ్గరే నిలబడి విన్నాను. ఉరుములు మీద పడుతుంటే, వాటి కిందే ఆయన మెల్లగా మాట్లాడుతున్నాడు.

"పోయినేడే తియ్యల్సింది. తియ్యమే అని నేనే చెప్పల్ల. దినామూ చెప్పల్లనుకుంటి. విత్తనం తినమని రైతుకు నోరు యట్లొస్తాది. ఇప్పుడు చెప్పల్లన్నా మాట రాక సస్తాండా. పోయినేడే తీసింటే సిన్నది బతికుండు."

లింగమ్మ ఒక్కసారిగా ఏడ్చింది. ఆయన చెయ్యి దుప్పట్లో నుంచి బయటికి వచ్చి ఆమె తల కోసం వెతికింది. ఆమె మంచానికి దగ్గరగా జరిగింది. వాళ్ళ చిన్నపిల్ల అంతకుముందు ఏడు జ్వరం వచ్చి, తిండి చాలక పోయిందని, అప్పటికి పాతర నిండా జొన్నలున్నాయని హుసేనప్ప నాకు తర్వాత చెప్పాడు. లింగమ్మ ఆ మాట మామను ఒక్కనాడూ అనలేదట.

నేను మిట్టకు పరిగెత్తి బ్యాటరీ వైరు పీకేశాను. మారెన్న నా ముఖం చూసి డోలు కింద పెట్టాడు.

ఆ సాయంత్రం పెద్దీరన్న రెండు గుటకల గంజి తాగాడు. మరుసటి దినం పొద్దెక్కక ముందే పోయాడు. వాన ఆ నెలలో రాలేదు, ఆ తర్వాతి నెలలోనూ రాలేదు. సాగనంపేటప్పుడు మారెన్న డోలు మైకు లేకుండానే వాయించాడు. నేను చివరిదాకా నడిచాను.

తర్వాతి కాలంలో గొంతుకు ఎకో ఇచ్చే పెట్టెలే వచ్చాయి. పాతర్లూ వద్దు, ఖాళీ గదులూ వద్దు, ఒక నాబ్ తిప్పితే చాలు. హార్మోనియం, డోలు, ఏది కావాలంటే అది అందులోకి పంపి ఉరుము చెయ్యొచ్చు, సముద్రం చెయ్యొచ్చు. నేనూ బోలెడు చేశాను. వచ్చి నేర్చుకున్నవాళ్ళకు మైకుకు గుడ్డ ఎట్లా చుట్టాలో, టోన్ ఎంత తగ్గించాలో చెప్పాను. వాటితో పాటు ఇంకొకటి కూడా చెప్పేవాణ్ణి. చప్పుడు చేసే ముందు, అది ఎవరి కోసమో ఆ మనిషి దగ్గరికి పోయి కాసేపు కూర్చోండి, ఏం కావాలో అడగండి అని. వాళ్ళు ముసలాయన చాదస్తమనుకుని తలూపేవాళ్ళు. ఆ పొద్దు మేం నలుగురం, కూడబలుక్కుని పెద్దీరన్నకు వాన కావాలని తేల్చేశాం. మంచం పక్కన కూర్చుని ఏం కావాలని ఆయన్ని ఒక్కరమూ అడగలేదు. అడిగి ఉంటే పిల్లలు తిన్నారా అనే అడిగి ఉండేవాడు.