మొదటి పువ్వు

బిడ్డ కాన్పుకని యాకుత్‌పురా నుంచి హాలండ్‌కు వెళ్లాను. ఒకరోజు మా అల్లుడు, పిల్లలను కూర్చోబెట్టే డబ్బా ఉన్న సైకిల్లో నన్ను పాలక్యానులా ఎక్కించుకుని బయలుదేరాడు. ఆ సైకిల్ దారి పొడుగునా, యుద్ధంలో బాంబుల విమానాలు కూలిన ప్రతిచోటా ఒక రాయి పాతారు. ఆ విమానాల్లో చచ్చిపోయిన కుర్ర సైనికుల పేర్లు దాని మీద చెక్కారు.

మొదటి రాయి దగ్గర ఒక ముసలామె బ్రష్షుతో నాచు గీకుతోంది. మమ్మల్ని చూసి, బకెట్లోంచి ఒక పువ్వు తీసి నా చేతికివ్వబోయింది. నేను వెనక్కి జరిగి, అల్లుడితో అన్నాను.

“మొదలు నువ్వు పెట్టు బిడ్డా. ముండమోసినదాన్ని, నేను పెడితే మంచిగుండదు.”

ముసలామె ముఖం చిట్లించి ఏదో అంది. అల్లుడు నవ్వాడు.

“పిలగాండ్ల మీద నీకేం కోపమని అడుగుతుంది అత్తమ్మా. గీడ దూరంకెళ్లి వచ్చినోళ్లే మొదలు పువ్వు పెట్టాల్నట. ఈ ఏడుగురు గూడ దూరంకెళ్లే వచ్చిండ్రట.”

“నా మొగుడు పోయిండని చెప్పు.”

చెప్పాడు. ఆమె బ్రష్షు పడేసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నాకు రెండు వేళ్లు చూపించింది.

“ఆమెకు ఇద్దరు మొగండ్లు పోయిండ్రట. అయినా ఈ రాయికి రోజు పూలు పెట్టేది ఆమెనేనట.”

“ఇద్దరా! నాకంటె జబర్దస్త్ ఉన్నది గదరా!”

అల్లుడు ఆ మాట ఆమెకు చెప్పేసరికి ముగ్గురం పగలబడి నవ్వాం. నాకు చదువు రాదు కాబట్టి, ఏడు పేర్లనూ వేలితో ఒక్కొక్కటే తడిమి, పువ్వు పెట్టాను. కళ్లు తుడుచుకుని డబ్బాలో కూర్చున్నాను.

“ఇంకో రాయి ఏడున్నది? జల్ది తొక్కు బిడ్డా! నాకంటె దూరపోళ్లు ఎవరన్న వస్తరు.”