షంషాద్ అక్క టిఫిన్ డబ్బా

శుక్రవారం నమాజుకు వెళ్ళొచ్చిన వాచ్‌మన్ ఖాదర్ నా గది ముందు నుంచి నడిచి వెళ్తే మల్లె అత్తరు వాసన గుప్పుమంది. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది. కడపలో నేను పనిచేసే ఆస్పత్రిలో పాత రోగుల రికార్డులు పాడైపోతే, బ్యాకప్‌లోంచి వాటిని వెనక్కి తెచ్చే పని పొద్దుటి నుంచీ నడుస్తోంది. "అయిపోయింది మేడం, అన్నీ వచ్చేశాయి. ఇక్కడో సంతకం పెట్టండి" అంటూ ఇంజనీరు కాగితం నా ముందుకు జరిపాడు. పెన్ను మూత తీశాను గానీ ఆ వాసనకి చెయ్యి ఆగిపోయింది. "తెరిచి సూసినావా మే?" అని వెనక నుంచి షంషాద్ అక్క అడిగినట్టే అనిపించింది. అక్క పోయి రెండేళ్ళయింది.

కర్నూలు పాత ఊళ్ళో అక్కకు చిన్న డీటీపీ సెంటరు ఉండేది. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, థీసిసులు, ఏదొస్తే అది కొట్టి పెట్టేవాళ్ళం. డిగ్రీ అయ్యాక నేను మొదట పనిలో చేరింది అక్కడే. తుంగభద్ర వరద ఊళ్ళోకి వచ్చిన ఏడాది అక్క కంప్యూటర్లు మునిగిపోయాయి. బ్యాకప్ తీసిన డిస్కు కూడా ఆ గదిలోనే బీరువాలో ఉంది కాబట్టి అదీ బురదలో కలిసింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం తన చేత్తో ఒక డిస్కులో బ్యాకప్ తీసి, అత్తరు పూసిన రుమాలులో చుట్టి, టిఫిన్ క్యారియర్ పై డబ్బాలో పెట్టుకుని షేర్ ఆటోలో కల్లూరు ఇంటికి తీసుకుపోయేది. పొద్దున పప్పన్నంతో పాటు ఆ డిస్కూ కొట్టుకు తిరిగొచ్చేది. ఆటోలో ఎవరైనా "ఏం కూరక్కా?" అని అడిగితే, "శానా గట్టి కూరలేప్పా, నీ పండ్లూడతాయి" అనేది.

కొట్లో ఉండే రెండో డిస్కు పని నాది. దాంతో తిప్పలు శుక్రవారం వచ్చేవి. అన్నం తిన్నాక అక్క ఏదో ఒక ఫైలు పేరు చెప్పేది. దాన్ని డిస్కులోంచి వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి, తెరిచి, చివరి వాక్యం పైకి చదవాలి. చదివాక అక్క పొడుగు నోటుబుక్కులో తేదీ, ఫైలు పేరు రాసి, పక్కన ఒకే ఒక్క మాట రాసేది: "ఉండాది." నాకు ఒళ్ళు మండేది. "పూర్తయిందని కంప్యూటరే చెప్తాంది కదక్కా, మళ్ళా ఈ చదువుడెందుకు?" అని ఒకసారి అడిగేశాను. "అన్నం ఉడికిందని పొయ్యి సెప్తాదా? మెతుకు పట్టి సూసేది మనమే కదా" అంది, నోటుబుక్కులోంచి తలెత్తకుండానే. చాదస్తం అనుకున్నాను. ఒక ఏడాది గడిచేసరికి నా డిస్కుకు రోజూ బ్యాకప్ తియ్యడం మానేసి, గుర్తొచ్చినప్పుడు తీయడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లోనే సుంకమ్మ వచ్చింది. డోన్ దగ్గర పల్లె. ఏటా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలసపోయే ఇల్లు వాళ్ళది. చిన్నప్పుడు బడి మాని తనూ పోయింది. ఇప్పుడు అలా పోయే కుటుంబాల మీదే థీసిస్ రాస్తోంది. నాలుగు అధ్యాయాలు చేత్తో రాసి తెచ్చింది. అయిదోది రాసే తీరిక లేక, నా పక్కన కూర్చుని నోటితో చెబుతుంటే నేను కొట్టాను. సోమవారం సాయంత్రంలోగా యూనివర్సిటీలో ఇవ్వాలి. అప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. ఇక పెంచరు, రిజిస్ట్రేషన్ రద్దే.

గురువారం పొద్దున రెండు పేజీలు చెప్పాక కరెంటు పోయి వచ్చింది. మూడో అధ్యాయం తెరుచుకోలేదు. అక్క కాగితాల కోసం బజారుకు వెళ్ళింది. ఇదేం పెద్ద పనని నా డిస్కు పెట్టి రీస్టోర్ నొక్కాను. ఉన్న ఫైళ్ళ మీదే వేసెయ్యనా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. వేసెయ్ అన్నాను. ఒక్క మూడో అధ్యాయం కాదు, ఫోల్డర్ మొత్తం. ఆకుపచ్చ టిక్కు పడింది. "చూశావా, ఎంతలో తెచ్చానో!" అని సుంకమ్మ ముందు గొప్పలు పోయాను. అయిదో అధ్యాయం తెరిస్తే శీర్షిక, కింద రెండు వాక్యాలు ఉన్నాయి. నా డిస్కుకు సోమవారం తర్వాత నేను బ్యాకప్పే తీయలేదు.

"మూడు దినాలు సెప్పిండేదంతా యాడబోయింది రమణా?" అంది సుంకమ్మ.

అక్క రాగానే "కరెంటు పోయిందక్కా, అందుకే..." అని మొదలుపెట్టాను. అక్క తెర మీద సోమవారం తేదీ చూసింది, నన్ను చూసింది. "కరెంటు మీద పెట్టొద్దు. నొక్కింది ఎవరు?"

"నేనే."

"సోమారం నుంచి బ్యాకప్ తీసినావా?"

"లేదక్కా."

"ఆ మాట నాకు కాదు, ఆయమ్మకు సెప్పు."

చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. సుంకమ్మ తిట్టలేదు. "ఈ పొద్దు మావోళ్ళంతా మిరపకు బయల్దేరినారు. థీసిసు ఇచ్చేదుండాది, నేను రానని మా నాయనతో కొట్లాడి నిలబడినా. ఇప్పుడేం ముఖం పెట్టుకోని పోవాల?" అంటూ ఏడ్చింది.

అక్క టిఫిన్ క్యారియర్ విప్పింది. పప్పు వాసనా అత్తరు వాసనా కలిసి వచ్చాయి. రుమాలు నా చేతిలో పెట్టింది. "నువ్వే తియ్యక్కా, మళ్ళా పోగొడతానేమో" అన్నాను.

"పోగొట్టింది నువ్వు, తెచ్చేదీ నువ్వే. ఆ ఇంగో కంప్యూటర్లో పెట్టు. కొత్త ఫోల్డర్ చెయ్యి. దేని మీదా ఏదీ వెయ్యాకు."

బుధవారం సాయంత్రం నాటి కాపీ వచ్చింది. మళ్ళీ ఆకుపచ్చ టిక్కు. ఈసారి నేను దాన్ని నమ్మలేదు. అయిదు అధ్యాయాలూ తెరిచి, ఒక్కోదాని చివరి వాక్యం పైకి చదివాను. అక్క అయిదుసార్లు "ఉండాది" అని రాసింది. ఆరో వరుసలో గురువారం పొద్దుటి రెండు పేజీల గురించి "లేదు" అని రాసింది. అవి ఏ డిస్కులోనూ లేవు. "లేందాన్ని లేదనే రాయాల. అప్పుడే కదా మళ్ళా సేస్తాం" అంది. సుంకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని కుర్చీ దగ్గరికి లాక్కుంది. "కూర్చో రమణా, మళ్ళా సెప్తా" అంది. ఆ రెండు పేజీలూ, ఆ తర్వాత మిగిలిన అధ్యాయమూ రెండు రోజుల్లో పూర్తి చేశాం. సోమవారం మధ్యాహ్నానికి థీసిస్ యూనివర్సిటీకి చేరింది.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. తర్వాతి శుక్రవారం అక్క ఆ పొడుగు నోటుబుక్కు నా వైపు తోసి, "ఇంగ నువ్వు రాయి" అంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఏ పరీక్ష పాసైనప్పుడూ కలగలేదు.

పెన్ను పక్కన పెట్టాను. "తెరవండి" అన్నాను ఇంజనీరుతో.

"వచ్చేసిందని చూపిస్తోంది కదా మేడం!"

"చూపించనివ్వండి. మనం చదువుదాం."

రికార్డులు ఏడాదికో ఫోల్డర్‌గా ఉన్నాయి. మొదటి ఏడాదిది తెరుచుకుంది, చివరి వాక్యం చదివాను. రెండోదీ తెరుచుకుంది. మూడో ఏడాది ఫోల్డర్‌లో పేర్లున్నాయి గానీ లోపల అంతా ఖాళీ. ఇంజనీరు ముఖం పాలిపోయింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు, ఒకప్పుడు అది నాది. "ఇంకో కాపీ ఉంటుంది, తెద్దాం. కొత్త ఫోల్డర్‌లోకి. మీరే తీయండి" అన్నాను. సాయంత్రం అయిదు దాటింది. ఒక్కో ఏడాదీ తెరిచి చదువుకుంటూ పోయాం. రెండు రికార్డులు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

చివరికి కాగితం తీసుకున్నాను. ప్రతి ఏడాది వరుసకూ ఎదురుగా అతను ముందే 'ఓకే' అని కొట్టి పెట్టాడు. ఆ 'ఓకే'లన్నీ గీత గీసి కొట్టేసి, నా చేత్తో రాసుకుంటూ వచ్చాను. ఉండాది. ఉండాది. ఉండాది. కింద ఆ రెండు రికార్డుల పేర్లు రాసి, పక్కన: లేదు. అప్పుడు సంతకం పెట్టాను.

అతను కాగితం తిప్పి చూసుకుని, "ఇదేం మాట మేడం, ఆఫీసు కాగితంలో?" అన్నాడు.

"మా అక్క మాట" అన్నాను.