కుర్మయ్య ఆగిన దినాలు

ఇప్పుడంటే అడిగిన ముసలివాళ్లందరికీ పింఛను వస్తోంది గానీ, తొంభైల్లో శామీర్‌పేట చెరువవతలి ఆ ఊరికి సర్కారు ఇచ్చినవి ముప్పయ్యొకటే. ఖర్చు పెరగకూడదని పైవాళ్ల పట్టుదల. ఊళ్లో ముసలివాళ్లు పెరిగితే వాళ్లకేం పట్టింది? ఒకరు కన్నుమూస్తేనే వరుసలో ఉన్న మరొకరి పేరు ఎక్కేది.

పోయినవారి పింఛను చీటీ తీసుకుని తర్వాతివారికి చేర్చే పని సర్కారు కబుర్లు మోసే ఊరి సుంకరి కుర్మయ్యది. ఖాకీ సంచి, చేతికర్ర, నోటినిండా పలకరింపు. అయినా జబ్బుపడ్డవాళ్లు ఆయన్ని చూస్తే దుప్పటి తీసి లేచి కూర్చునేవారు. "నేనింకా ఉన్ననే, కుర్మిగా!" అని ఓదెలు తాత గద్దించేవాడు. కుర్మయ్య పకపకా నవ్వేవాడు. ఎంత మంచి రోజులో, తిట్లు కూడా తీపిగా ఉండేవి.

ఆయనకో నియమం. పోయినవారి దినాలు కాకుండా ఆ చీటీని ఇంకొకరి గడప తొక్కనిచ్చేవాడు కాదు. "ఒకరు తిన్న ఇస్తారి ఎత్తకముందే బంతిల ఇంకొకర్ని కూసోబెడ్తమా?" అనేవాడు.

తొంభై ఎనిమిది ఫిబ్రవరి చివర్లో అజ్మతున్నీసా పోయింది. వరుసలో తర్వాతి పేరు మైసమ్మది. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి, నాలుగేళ్లుగా ఎదురుచూస్తోంది. అజ్మతున్నీసా ఇంట్లో నలభయ్యోనాటి ఫాతెహా ప్రార్థనలు అయ్యేదాకా కుర్మయ్య ఆగాడు. ఏప్రిల్లో పేరు మార్పించడానికి మండలాఫీసుకు వెళ్తే గుమాస్తా చక్రపాణి తలెత్తకుండానే చెప్పాడు.

"మార్చి ఆఖరుకు ఖాళీగున్నయన్నీ రద్దయినయి. ఇగ మీ ఊరికి ముప్పయ్యే."

దేవుడు వరమిచ్చినా పూజారి అడ్డం పడ్డట్టయింది. ఆ పూజారి తనేనని కుర్మయ్యకు తెలుసు. తలవంచుకుని చెబితే, మైసమ్మ చాటలో నూకలు చెరుగుతూ "పోనియ్యి" అంది. ఆ ఒక్క మాట ఆయన్ని తిట్లకన్నా ఎక్కువ కోసింది. ఆనాటి నుంచి ఆయనింట్లో వండిన జొన్నగట్కలో ఒక గిన్నె రోజూ ఆమె గుడిసెకు వెళ్లేది.

రెండేళ్లకు, వానకాలంలో, ఓదెలు తాత పోయాడు. ఈసారి కుర్మయ్య నియమాన్ని గాలికొదిలేశాడు. చావుడప్పు మోగుతుండగానే పేరు మార్పు కాగితం పట్టుకుని మైసమ్మ గుడిసెకు ఉరికాడు.

"జల్దీ ఏలుముద్ర ఎయ్యి అక్కా! ఆలిస్యమైతే మల్ల రద్దంటరు."

మైసమ్మ అప్పుడే చావింటికి బయల్దేరుతోంది. కాగితాన్ని చూసింది, వగరుస్తున్న ఆయన్ని చూసింది.

"ఓదెలన్న ఇంకా వాకిట్లనే ఉన్నడు కుర్మయ్యా. ఆయన ఇస్తారి ఎత్తనీ. ఆరేండ్లు ఆగిన, గీ పదొద్దులు ఆగనా?"

కుర్మయ్యకు ఏడుపు ఆగలేదు. కాగితం సంచిలో పెట్టుకుని ఆమె వెంట చావింటికి నడిచాడు.

పదకొండోనాడు వేలిముద్ర వేశాక, మైసమ్మ ఆయన్ని తన గుడిసెలో కూర్చోబెట్టి గట్క పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా కదలనివ్వలేదు.