నేను పరిచిన బండ

పెట్రోలు పుణ్యాన దోహా నిండ బిల్డింగులు లేస్తున్న రోజులల్ల నేను అక్కడ బండలు పరిచే మేస్త్రీని. మా ఇంజనీరు ఇంగ్లండాయన. ఒకనాడు అన్నాల యాళ్లకు వాళ్ల ఊరి పెద్ద చర్చి ఫోటోలు చూపెట్టిండు. లోపల బండల కింద రాజులు, రాణులు, బిషప్పులు ఉన్నరట. ఒక్కో బండ మీద ఒక్కో పేరు చెక్కి ఉంది. జనం ఆ పేర్ల మీదనే బూట్లేసుకొని నడుస్తున్నరు.

నాకు మండింది. ఎవలికన్న కాలు తాకితే మొక్కి కండ్లకద్దుకునేటోళ్లం మేము.

"చచ్చినోళ్లను తొక్కుడేంది సార్, సిగ్గనిపియ్యదా?" అన్న హిందీల.

ఆయన నవ్విండు. "తొక్కినా పేరు చదువుతరు కదా" అన్నడు వచ్చీరాని హిందీలనే.

ఆ మాటకు ఒళ్లంత మండింది. నెల కిందనే మా జిల్లాయన, నా జోడీ మేస్త్రీ, మేము కడుతున్న బిల్డింగు మీదికెల్లి పడి సచ్చిపోయిండు. ఆయన పడ్డ జాగల మూడో నాడే పాలరాయి పరవమన్నరు. పరిచింది నేనే.

"అయితే ఆ రాయి మీద మావోని పేరు చెక్కుత సార్" అన్న.

ఆయన ఫోటోలు సంచిల పెట్టుకొని లేచి పోయిండు.

బిల్డింగు తెరిచిననాడు పెద్దపెద్దోళ్లు బూట్లు టకటకలాడించుకుంట ఆ రాయి మీదికెల్లే లోపలికి పోయిన్రు. అందరు పోయినంక నేను చెప్పులిడిచి, వంగి, రాయిని తాకి కండ్లకద్దుకున్న.

"యల్లా, బయటికి నడువ్" అని వాచ్‌మన్ ఉరికొచ్చిండు. "నీ చేతులంటితే రాయి మురికైతది."