మిరప కళ్ళంలో ఎర్రకారు

ఆ రోజుల్లో మా పల్నాడులో కొనేముందు నడిపించి చూసేది ఎడ్లని మాత్రమే. సైకిలైనా, రేడియో అయినా, కుట్టుమిషనైనా కొట్టువాడు చూపించింది ఇంటికి తెచ్చుకోవడమే. ఎడ్ల దగ్గర అలా కుదరదు. పళ్ళు చూడాలి, గిట్టలు చూడాలి, సుడులు లెక్కపెట్టాలి, ఇసకలో నడిపించాలి, బరువు లాగించాలి, చివరికి రెండు రోజులు మన కొట్టంలో కట్టేసుకుని తీరు చూడాలి. ఇప్పుడు మా అబ్బాయి ఫోను నొక్కి కార్లని ఇంటిముందుకే తెప్పించి, ఊరంతా తిప్పి చూసి, "నచ్చలేదు, తీసుకెళ్ళండి" అని పంపించేస్తుంటే నాకు మా మామగారు గుర్తొస్తారు. ఈ పద్ధతి కనిపెట్టింది ఆయనేనని నా నమ్మకం. (ఈ మాట అంటే మావాడు నవ్వుతాడు. నవ్వనీయండి.)

నేను కాపురానికి వచ్చిన ఊరు నరసరావుపేటకి అరగంట దూరం. ఎడ్ల విషయంలో మామయ్యకి చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో పేరు. ఆయన పెదవి విరిచారంటే ఆ జత సంత నుంచి మళ్ళీ ఇంటిదారి పట్టాల్సిందే. మా ఆయనకి పేటలో ఎరువుల కొట్టు. ఇక మా నాన్న మాచర్లలో ఒక ప్రైవేటు బస్సుకి డ్రైవరు, ఇరవయ్యేళ్ళుగా అదే రూటు. ఆస్తిలో ఇంత తేడా ఉన్నా ఈ సంబంధం కుదిరిందంటే నా డిగ్రీ చదువు కొంత, మా మేనత్త నోటి చలవ కొంత. అత్తింటివాళ్ళు నాన్నని ఏనాడూ ఒక్క మాట అనలేదు. "డ్రైవరుగారొచ్చారు, మజ్జిగియ్యండి" అనేవాళ్ళు. వియ్యంకుణ్ణి బావగారు అనాలని వాళ్ళకి తెలియక కాదు. నాన్న కూడా అరుగు చివర కూర్చుని ఆ మజ్జిగ తాగి, నా మొహం ఓసారి చూసుకుని, "బస్సుకి టైమైందమ్మా" అని లేచేవాడు. భోజనానికి ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన వెళ్ళాక నేను వంటింట్లోకి పోయి కాసేపు గిన్నెల మీద నా కోపం చూపించేదాన్ని.

ఆ ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటుంది. నాకు బస్సు నడపడం వచ్చు. వచ్చు అంటే మరీ రోడ్డెక్కేంత కాదు. సెలవు రోజున నాన్న బస్సు కడగడానికి వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకెళ్ళి, మాచర్ల బయట బీడులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు ఇచ్చేవాడు. పదహారేళ్ళొచ్చాక పక్కన నిలబడి క్లచ్చి, గేర్లు కూడా నేర్పాడు. అమ్మకి తెలిసిన రోజున ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టింది. పెళ్ళిచూపులకి ముందు నా చేత ఒట్టు కూడా వేయించుకుంది, కుట్లు, అల్లికలు వచ్చని చెప్పాలి, బస్సు సంగతి మాత్రం ఎత్తకూడదని. (కుట్లు, అల్లికలు నాకు రావు.)

ఎనభైల చివర్లో ఒక ఏడాది మిరపకి మంచి ధర పలికింది. మా ఆయనకి కారు మీద మనసు పోయింది. అదీ అలాంటిలాంటి కారు కాదు, కొత్తగా వచ్చిన చిన్నకారు. (పేరు చెప్పక్కర్లేదు, అప్పట్లో మా వైపు చిన్నకారంటే ఒక్కటే.) పేటలో ఒక కుర్ర పళ్ళ డాక్టరు అలాంటిది ఎర్రరంగుది కొని, పక్కలకి నల్లచారలు వేయించి, స్టీరింగుకి తోలు తొడిగించి, పందేనికి పోయే బండిలా సింగారించి రెండేళ్ళు తిప్పుకున్నాడు. పెళ్ళి కుదిరాక పెద్దకారు కావాలని దాన్ని అమ్మకానికి పెట్టాడు. "రయ్యిమని పోద్ది నాన్నా" అని మా ఆయన మామయ్య దగ్గర మొదలుపెట్టారు. "అంత రయ్యిమని యాడికి పోవాలిరా?" అన్నారు మామయ్య. మా ఆయన వారం రోజులు అదే పాట పాడారు. చివరికి మామయ్యే దిగొచ్చి, "రెండు రోజులు మన కొట్టంలో ఉంచుకోకుండా ఏం చెప్తాంరా. అడుగు డాక్టర్ని" అన్నారు. డాక్టరు మొహమాటస్తుడు, సరేనన్నాడు. ఆదివారం పొద్దున కారు మా ఊరొచ్చింది. ఎడ్లని వేపచెట్టు కిందికి మార్చి దాన్ని కొట్టంలో పెట్టారు. అత్తయ్య దిష్టి తీసింది, కారుకి కాదు, చోటు పోగొట్టుకున్న ఎడ్లకి.

ఇక మామయ్య తువాలు నడుముకి బిగించి పరీక్ష మొదలుపెట్టారు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగారు. టైర్లని బొటనవేలితో నొక్కారు. బానెట్టు మీద చెయ్యేసి నిమిరి, "ఏందిరా, అదురుతుంది?" అన్నారు. ఇంజను ఆడుతోంది మరి. తర్వాత బరువు పరీక్ష. వెనక తలుపు పైకెత్తి రెండు మిరపకాయల బస్తాలు కుక్కారు, ముందు మామయ్య, వెనక అత్తయ్య, నేను. పేటలో పదిరోజులు డ్రైవింగు నేర్చుకున్న మా ఆయన తోలారు. గేరు మార్చేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవారు, మమ్మల్ని కూడా మాట్లాడనిచ్చేవారు కాదు. ఊరి డొంకలో, ఎద్దుబండ్లు నడిచే మట్టిదారిలో, కారు మూడుసార్లు ఆగిపోయింది. "మొరాయిస్తందిరా" అన్నారు మామయ్య. "అది కాదు నాన్నా, నేనే క్లచ్చి తొందరగా వదిలా" అన్నారు మా ఆయన. "అయితే తప్పు దానిది కాదు, నీదే" అని మామయ్య కారుకి ఒక మార్కు వేసి, కొడుక్కి ఒకటి తీసేశారు.

ఆఖరి పరీక్ష మా మామగారింటి పద్ధతి. కొనబోయే ఎద్దు పగ్గం ఒకసారి ఇంటి ఆడమనిషి చేతికి ఇవ్వాలి. ఆమె చేతిలో అది బెదిరినా, కొమ్ము విసిరినా, ఎంత గొప్ప జాతిదైనా ఆ వాకిట్లోకి రాదు. మగవాళ్ళు ఊళ్ళో లేని రోజున కుడితి పెట్టాల్సింది వాళ్ళే కదా అని ఆయన వాదన. ఆ పద్ధతి ప్రకారం కారు కూడా పరీక్షకి నిలబడాలి. "నాకొద్దు ఆ యవ్వారం. అమ్మాయి పట్టుకుంటదిలే" అని అత్తయ్య నా వైపు తోసేసింది. పట్టుకోవడమంటే స్టీరింగు మీద చెయ్యేసి దిగిరావడమేనని అందరి ఉద్దేశం. ఒట్టేసి చెబుతున్నాను, నా ఉద్దేశమూ అదే. కానీ సీట్లో కూర్చున్నాక చూస్తే తాళం దానికే ఉంది. నా చెయ్యి దాన్ని తిప్పింది, నా కాలు క్లచ్చి మీదికి పోయింది, మొదటి గేరు పడింది. నేను చేసినట్టు నాకు గుర్తులేదు.

నాన్న బస్సు క్లచ్చి తొక్కాలంటే సీటు అంచుకి జరిగి ఒళ్ళు బరువంతా దాని మీద పెట్టాలి. స్టీరింగు తిప్పాలంటే రెండు చేతులా పట్టుకుని వేలాడాలి. నాకు తెలిసిన డ్రైవింగంతా అదే. వాకిలి దాటాక కాస్త కుడిపక్కకి తిప్పుదామని అలవాటు ప్రకారం వేలాడాను. అదేమో చిటికెన వేలితో తిరిగే కారు. కుడిపక్కకి తిరగడంతో ఆగలేదు, గిర్రున తిరిగి, ఎదురుగా ఎండబోసిన మిరప కళ్ళంలోకి నేరుగా నడిచింది. బ్రేకు కూడా బస్సు బ్రేకు తొక్కినట్టే తొక్కాను. కారు మిరపకాయల మధ్య నిలబడిపోయింది, ఎర్రమిరపలో ఎర్రకారు ఎక్కడుందో దూరం నుంచి తెలియనంతగా. చక్రాల కింద నలిగిన కాయల ఘాటు లేచి ఒకటే తుమ్ములు. మా ఆయన తుమ్ముతూనే పరుగెత్తుకొచ్చి ముందు కారు చుట్టూ తిరిగి గీతలేమన్నా పడ్డాయేమో చూసుకున్నారు, తర్వాత నన్ను చూశారు. (ఈ వరస ఇప్పటికీ ఒప్పుకోరు.)

మామయ్య కళ్ళనీళ్ళు తువాలుతో తుడుచుకుంటూ వచ్చి, "తొక్కగానే నిలబడింది. చూశారుగా, ఆడమనిషి మాట వింటది" అని తీర్పు చెప్పారు. అప్పుడు గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగి, "ఎవురు నేర్పారమ్మాయ్ నీకు?" అన్నారు. అమ్మకి వేసిన ఒట్టు గుర్తుంది. ఏదో ఒక అబద్ధం చెబితే అక్కడితో పోయేది. కానీ నాకు తిక్క ఎక్కువ. "మా నాన్న" అన్నాను, అవసరమైన దానికన్నా గట్టిగా. "బస్సు మీద నేర్పాడు." అత్తయ్య ముక్కు మీద వేలేసుకుంది. మామయ్య తువాలు దులిపి భుజాన వేసుకున్నారు. ఆ తర్వాత, "ఇన్నాళ్ళూ బండ్ల సంగతి తెలిసిన మనిషిని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చి పంపిస్తున్నామన్నమాట. రేపు రమ్మను మీ నాయన్ని. ఆయన కొనమంటే కొందాం, లేకపోతే లేదు" అన్నారు.

అప్పటిదాకా ఆ కారు మా ఆయన ముచ్చట. ఆ క్షణం నుంచి నాకే కావాలనిపించింది. మా నాన్న మాట మీద ఆ వాకిట్లోకి ఒక కారు రావాలి. అది అక్కడ నిలబడి ఉన్నన్నాళ్ళూ ఫలానా వాళ్ళ వియ్యంకుడు చూసి కొనిపించిన బండి అని ఊరు చెప్పుకోవాలి. నడపాలని కూడా ఉంది, అబద్ధమెందుకు. సాయంత్రం మాచర్ల బస్సు ఆగగానే డ్రైవరుకి, "బాబాయ్, రేపు పొద్దున్నే రమ్మని మా నాన్నకి చెప్పండి" అని కబురిచ్చాను. మా వైపు బస్సు డ్రైవరుతో పంపిన కబురు ఉత్తరం కన్నా ముందు చేరేది. అయితే ఎందుకు రమ్మన్నానో చెప్పడం మర్చిపోయాను. పాపం, నాన్న తెల్లారుతూనే మొదటి బస్సులో దిగి, "ఏమైందమ్మా, ఏమన్నా అన్నారా?" అంటూ గుమ్మంలో నిలబడ్డాడు. కారు చూడడానికి అని చెప్పాక అరుగు మీద కూలబడి రెండు చెంబుల నీళ్ళు తాగాడు.

"తండ్రీకూతుళ్ళిద్దరే పోయి రండి, నెమ్మదిగా చూడండి" అన్నారు మామయ్య. నాన్న చెప్పులు బయటే విడిచి కారెక్కాడు. సాగర్ కాలవ దాకా పోయాం. ఇరవయ్యేళ్ళు ఆ పెద్ద స్టీరింగుతో కుస్తీ పట్టిన మనిషి, రెండు వేళ్ళతో గేరు మారుస్తుంటే ఆయన మొహం చూడాలి. "బంగారం లాంటి బండమ్మా. చెయ్యేస్తే తిరిగిద్ది" అన్నాడు. కాలవగట్టు మీద నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, "వేలాడమాక. ఇది బస్సు కాదు. పూలసజ్జ పట్టుకున్నట్టు పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. కారు సాఫీగా పోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తిరిగొస్తూ, "నాన్నా, కొనమని చెప్పు" అని మొహం మీదే అడిగేశాను. నాన్న మా ఊరి డొంక మొదట్లో కారాపి దిగి, వంగి కింద చూశాడు, ఎద్దుబండ్ల చక్రాలు చేసిన గాడిని జానలతో కొలిచాడు. నేను పట్టించుకోలేదు.

ఇంటికొచ్చాక అందరి ముందూ నిలబడి చెప్పాడు. "ఇంజను ఆరోగ్యంగా ఉంది. డాక్టరుగారు బాగా చూసుకున్నారు. పేటలో ఉండేవాళ్ళయితే కళ్ళు మూసుకుని కొనమంటా. మీకు మాత్రం వద్దండి." మా ఆయన మొహం వాడిపోయింది. "ఎందుకు?" అన్నారు మామయ్య. "మీ డొంకలో బండ్ల గాడి చానా లోతు. ఈ కారు వెడల్పు ఆ గాడికి చాలదు. ఒక చక్రం అందులో పడితే పొట్ట మధ్యగట్టుకి ఆనిద్ది. ఎండాకాలం కాబట్టి నిన్న ఎట్టానో వచ్చింది. రెండు వానలు పడితే నల్లరేగట్లో కూర్చుంటది. అప్పుడు ఎడ్లు కట్టి లాగాలి." మామయ్య నన్ను చూసి, మళ్ళీ నాన్నని చూసి, "మీ అమ్మాయి ముచ్చట పడతంది గదా" అన్నారు. "పడతంది. నాకు తెలుసు. అయినా వద్దనే చెప్తా" అన్నాడు నాన్న.

మామయ్య లేచి ఆయన చెయ్యి పట్టుకున్నారు. "రా బావా. కాళ్ళు కడుక్కో, అన్నం తిందాం." ఆ ఇంట్లో నాన్నని ఎవరైనా బావా అనడం అదే మొదటిసారి. నాకు సంతోషపడాలని తట్టనే లేదు, అంత కోపంగా ఉన్నాను. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే వడ్డనకి వచ్చి, మామయ్యకి నెయ్యి వేసి, నాన్న దగ్గర ఆగకుండా వెళ్ళిపోయాను. గోంగూర కలుపుకుని నాన్న నా చేతి వైపు చూశాడు. నేను పైకప్పు చూశాను. మామయ్య నెయ్యి గిన్నె నా చేతిలోంచి లాక్కుని తనే వడ్డించారు. నాన్న "చాలండి, చాలండి" అంటూనే మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

పెరట్లో నాన్న చెయ్యి కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు పోశాను. "కోపమా?" అన్నాడు. నీళ్ళు ఇంకాస్త జోరుగా పోశాను. "కొనమన్నాననుకో. వానల్లో అది దిగబడ్డ ప్రతిసారీ ఈ ఇంట్లో నా పేరు తలుచుకుంటారు. నాకేంది, మాచర్లలో ఉంటా. ఇక్కడ ఉండేది నువ్వు" అన్నాడు. ఆ మాట నిజమని తెలుసు. తెలిసినా కోపం మాత్రం దిగలేదు. ఇరవై రెండేళ్ళ వయసు మరి.

సాయంత్రం కారు తిరిగి డాక్టరుకి అప్పజెప్పాలి. తాళం మా ఆయన చేతిలోంచి తీసుకుని మామయ్య నాన్నకిచ్చారు. ముందు సీట్లో ఆయన పక్కన తను కూర్చున్నారు. మేమిద్దరం వెనక. టీ కొట్టు దగ్గర మామయ్య కారాపించి, అద్దం దించి, అడగకుండానే అందరికీ చెప్పారు, "మా బావ. మాచర్ల." డొంకలో నాన్న ఒక చక్రం మధ్యగట్టు మీద, ఒకటి గాడి బయట నడిపిస్తూ, పొట్ట ఒక్కసారి కూడా ఆననివ్వకుండా తీసుకుపోయాడు. "ఇట్టా తోలితే కొనుక్కోవచ్చుగా" అని మా ఆయన నసిగారు. "ఇట్టా తోలటానికి ఇరవయ్యేళ్ళు పట్టిద్ది అల్లుడుగారూ" అన్నాడు నాన్న. మామయ్య తొడ చరిచి నవ్వారు. నాన్న అద్దంలో నన్ను చూశాడు. మొహం ముడుచుకునే ఉందామని గట్టిగా ప్రయత్నించాను, పేట వచ్చేలోపే చేతులెత్తేశాను.

ఆ కారు మాకు రాలేదు. అందుకు నాకేమీ బాధలేదు. ఆ మధ్యాహ్నం, మా అత్తింట్లో మొదటిసారి భోజనానికి కూర్చున్న మా నాన్నకి నెయ్యి వెయ్యకుండా పోయిన ఆ పిల్ల కనిపిస్తే మాత్రం చెవి మెలిపెట్టాలని ఉంటుంది. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లొచ్చినా గిన్నె సగం ఖాళీ అయ్యేలా వడ్డించేదాన్ని. ఎందుకమ్మా ఇంత అని ఎన్నడూ అడగలేదు, అంతా కలుపుకుని తినేవాడు.